చెవులు మూస్కో బిడ్డా

వానకు ముందు గాలి ఆగిపోతుంది.

వేపాకు కదలదు. తీగ మీది చీర కదలదు. అరుస్తున్న పిచ్చుకలు ఒక్కసారిగా నోరు మూసుకుంటాయి.

చినుకు ఇంకా పడలేదు. కానీ పడబోయేదంతా ఆ ఆగడంలోనే ఉంటుంది…

నీల ఈ సంగతి బడిలో నేర్వలేదు. కోరుట్లలో, టాకీసులో నేర్చుకుంది.

ఆమె తండ్రి అక్కడ ప్రొజెక్టర్ ఆపరేటర్. బడి లేని రోజుల్లో ఆయన వెంట పోయి, రీళ్ల డబ్బా మీద నిలబడి, గోడకున్న చిన్న కంతలోంచి సినిమా చూసేది. ఆ గదిలోంచి చూస్తే ఏ సినిమా భయపెట్టేది కాదు. మిషన్ కరకరమంటూ సినిమా చప్పుడునంతా మింగేసేది. కింద హాల్లో జనం ఒక్క గొంతుతో అమ్మో అనేవారు. పైన నీలకు మాత్రం దీపం పట్టుకుని మెట్లు దిగుతున్న ఒక ఆడమనిషి కనిపించేది.

అంతే. ఒక ఆడమనిషి. ఒక దీపం.

ఒకరోజు కింద హాల్లో కూర్చుంది. అదే సినిమా. అదే ఆడమనిషి. రెండు చేతులతో కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుంటే భయం ఇంకా పెద్దదయింది.

ఇంటర్వెల్‌లో కిందికొచ్చిన తండ్రి, ఇంకా కళ్ల మీదే ఉన్న ఆమె చేతులు తీసి చెవుల మీద పెట్టాడు.

"కండ్లు గాదు. చెవులు మూస్కో బిడ్డా. భయం బొమ్మల ఉండదు. చప్పుట్ల ఉంటది."

మూసుకుంది. సినిమా మళ్లీ మొదలైంది. దయ్యం చచ్చిపోయింది.

*

మొదట్లో భయం దూరంగా ఉండేది.

పాత నలుపు తెలుపు సినిమాల్లో అది ఊరవతల బంగళాలో కాపురముండేది. కిటికీ రెక్క కొట్టుకునేది. దీపం ఆరేది. మంచులో ఎవరో పాడుకుంటూ పోయేవారు. చివరి రీలులో తెల్లచీర వెనక మామూలు మనిషే దొరికేవాడు — ఆస్తి కోసమో, పగ కోసమో. జనం ఊపిరి పీల్చుకుని, చెప్పులు వెతుక్కుని ఇళ్లకు పోయేవారు.

తర్వాత రంగులు వచ్చాయి. భయం బంగళా ఖాళీ చేసి పట్నం పోయింది. టోపీ పెట్టుకున్న డిటెక్టివ్. గోడ వెనక గది. గదిలో ఎర్రదీపాలు. ఆ సినిమాలు అరిచేవి. కత్తి ఒకటి లేస్తే వాయిద్యాలు వంద లేచేవి.

వీడియో క్యాసెట్ల రోజులొచ్చేసరికి హంతకుడు పక్కింటివాడయ్యాడు. నవ్వుతూ చక్కెర అడగడానికి వచ్చేవాడు. ఫోన్ మోగేది. ఎత్తితే మాట ఉండదు — ఊపిరి.

ఇప్పుడు… ఇప్పుడు హంతకుడెవరో ముందే చూపిస్తున్నారు. చూసేవాళ్లకు తెలుసు. తెరలోపల అన్నం వండుకుంటున్న ఆమెకే తెలియదు. వాయిద్యాలు లేవు. తలుపు గడియ కొంచెం కదులుతుంది. చాప మీద ఒక కాలు పడుతుంది.

బంగళాలో ఉన్నది వాకిట్లోకి వచ్చింది. వచ్చినకొద్దీ గొంతు తగ్గించుకుంది.

సినిమాల గురించి నీలకు తెలిసిందల్లా ఇదే. బీడీలు చుట్టుకుంటూ, టీవీ ముందు, ఏళ్ల తరబడి అనుకుంది. అందులో తన ఇంటి సంగతి కూడా ఉందని మొన్నటిదాకా తట్టలేదు.

*

సిరిసిల్లకు కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు నిద్ర పట్టేది కాదు.

సాంచాలు. కరెంటుతో నడిచే మగ్గాలను ఇక్కడ అట్లా అంటారు. వాడకట్టు వాడకట్టంతా టకటక… టకటక… గోడలు వణుకుతాయి. చెంబులో నీళ్లు వణుకుతాయి. అలవాటయ్యాక ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టలేదు. కరెంటు పోయి సాంచాలు ఆగితే ఇక్కడి పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

ఈ ఊళ్లో అందరూ గట్టిగా మాట్లాడతారు. కార్ఖానాలోనైతే సగం మాట చేతులతో, సగం పెదవులతో. కరెంటు పోయినప్పుడే గొంతులు తగ్గుతాయి — అందరివీ, ఒకేసారి, ఎవరో సైగ చేసినట్టు.

అందుకే ఎవరికీ తెలియలేదు.

పెళ్లయిన కొత్తలో నీల భర్త మార్కండేయులు కోరుట్ల టాకీసులో ఆమె పక్కన కూర్చున్నాడు. పాత సినిమా. కిటికీ రెక్క కొట్టుకుంది. ఆయన ఎగిరిపడ్డాడు. చేతిలోని సోడా ముందు కుర్చీలో మనిషి మెడ మీద ఒలికింది. తండ్రి పైనుంచి చూసి, సినిమా అయ్యాక కూతురిని పక్కకు పిలిచాడు.

"సాంచల కాడ పులి అంటివి గద బిడ్డా అల్లున్ని? గీడ పిల్లి లెక్క ఎగిరె!"

తర్వాత శ్రీజ పుట్టింది. జగిత్యాలలో చుట్టాలింటికి పోయినప్పుడు అందరూ కలిసి ఇంకో సినిమాకు పోయారు. ఫోన్‌లో ఊపిరి వినిపించే చోట హాలంతా బిగుసుకుపోయింది. మార్కండేయులు పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

"మార్కండన్నది గుండె గాదు, బండ," అన్నారు చుట్టాలు.

ఆయన మీసం దువ్వుకున్నాడు. నీల కూడా మురిసింది. మనిషికి వయసుతో ధైర్యం వస్తుందనుకుంది. ఆ తర్వాత ఎన్ని సినిమాలు! ఒక్కదానికీ ఆయన బెదరలేదు.

*

శ్రీజ ఇప్పుడు జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సెలవులకు వస్తే కొత్త సినిమాలన్నీ ఫోన్‌లో తెచ్చి టీవీకి తగిలిస్తుంది.

ఆ మధ్యాహ్నం కార్ఖానాకు సెలవు. బయట గాలి లేదు. వేపచెట్టు బొమ్మలో చెట్టులా నిలబడింది.

"బాపు, గిప్పుడు సూడు… గిప్పుడు!"

తెర మీద గడియ కదిలింది. కిర్రుమని, వినీ వినపడనట్టు. శ్రీజ తల్లి మోచెయ్యి పట్టుకుంది.

మార్కండేయులు ఆవులించాడు.

"గిప్పటి సిన్మాలల్ల ఏమున్నది బిడ్డా? ఉత్తగ నడుస్తరు, సూస్తరు. గంతే. మా కాలం సిన్మాలైతే లాగులు తడుస్తుండె."

"నీకు భయమే లేదు, తియ్యి!"

ఆయన నవ్వాడు. నీల నవ్వుతూ లేచింది. ఒళ్లోని బీడీల చాట జారింది. ఆకు కత్తిరించే కత్తెర ఆయన వీపు వెనక, బండల మీద, ఖంగున పడింది.

శ్రీజ ఎగిరిపడింది.

ఆయన తల తిప్పలేదు.

కత్తెర ఇంకా బండ మీద గిర్రున తిరుగుతోంది. ఆయన టీవీ చూస్తున్నాడు. తెరలో ఒక ఆడమనిషి. చేతిలో గరిటె. అంతే…

గోడకున్న కంత. రీళ్ల డబ్బా. మిషన్ కరకర.

చెవులు మూస్కో బిడ్డా.

*

కూతురు స్నానానికి పోయాక నీల ఆయన ఎదురుగా నిలబడింది.

"ఎప్పటిసంది?"

ఆయన ఆమె పెదవుల వంక చూశాడు. చూసే తీరులోనే జవాబుంది. ఇన్నేళ్లూ ఆ చూపును ప్రేమ అనుకుంది.

"కార్ఖాన సేటుకు తెల్వద్దు," అన్నాడు.

రహస్యంగా అన్నాననుకున్నాడు. వీధి చివరిదాకా వినిపించేటంత గట్టిగా అన్నాడు. నీల పోయి కిటికీ మూసింది.

"దవాఖానకు పోదాం."

"పోతే నలుగురికి తెలుస్తది. చెవిటోనికి సాంచలు ఎవడిస్తడే? ఇంకో పని నాకేమస్తది?"

"మరి నాడె?"

ఆయన ఆమె పెదవుల మీది నుంచి చూపు తిప్పేశాడు.

నాడె అంటే దారం మోస్తూ సాంచాలో అటూ ఇటూ పరుగెత్తే చెక్క. రెండు కొసలకూ ఇనుప ముక్కు. ఎప్పుడో ఒకప్పుడు దారి తప్పి బయటికి లేస్తుంది. లేచిందంటే తూటా. పక్క సాంచాల పోచయ్య కన్ను అట్లాగే పోయింది. అయితే లేచేముందు సాంచా చప్పుడు మారుతుంది. టకటక మధ్యలో ఒక ట తడబడుతుంది. చెవి ఉన్నవాడు పక్కకు జరుగుతాడు. లేసే ముందు నాడె చెప్పే లేస్తదే, అని మార్కండేయులే ఎన్నోసార్లు చెప్పాడు.

"కండ్లతోని కనిపెడుతున్న," అన్నాడు చివరికి.

వెనకనుంచి వచ్చేదాన్ని?

నీల వంగి, ఆయన వీపు వెనక పడి ఉన్న కత్తెర తీసింది.

*

ఆ తర్వాత ఆమె ఏ సినిమా చూడలేదు. చూడాల్సిన పని లేదు.

ఆయన టిఫిన్ గిన్నె పట్టుకుని పొద్దున గడప దాటుతాడు. నీల లోపల నిలబడి వింటుంది. వీధి అవతల కార్ఖానా. టకటక… టకటక… వెయ్యి చప్పుళ్లలో ఏది ఆయనదో. ఏది సరిగ్గా కొడుతుందో. బీడీకి కట్టిన దారం వేలి మీదే ఉండిపోతుంది. చూసేవాళ్లకు తెలుసు. తెరలోపలి మనిషికి తెలియదు. హాల్లోంచి ఎంత అరిచినా తెరలోపలికి వినిపించదు — చిన్నప్పుడు జనం అరిచేవారు, ఒసేయ్ ఎన్కకు సూడవే అని. ఆ బొమ్మ ఒక్కసారైనా వెనక్కి చూసిందా?

మార్కండేయులు అదే పనికి పోతున్నాడు. అదే నవ్వు. వీధిలో ఎవరైనా పలకరిస్తే పెదవులు చూసి జవాబిస్తున్నాడు. వాడకట్టులో మార్కండన్న ధైర్యం ఇంకా కథలుగా నడుస్తోంది.

*

ఆ రోజు ఆయన గిన్నె మర్చిపోయాడు.

మిట్టమధ్యాహ్నం. నీల గిన్నె పట్టుకుని వీధి దాటింది. మబ్బు మానేరు వాగు మీద నుంచి ఊరి మీదికి వంగి ఉంది. కార్ఖానా ముందు వేపచెట్టు.

గాలి ఆగింది.

ఆకు కదలలేదు. పిచ్చుకలు నోరు మూసుకున్నాయి.

గుమ్మంలో నిలబడింది. చప్పుడు ఒంటినిండా కొట్టింది. లోపల, కిటికీ దగ్గర, ఆయన వీపు. ఆగి ఉన్న ఒక సాంచా మీద వంగి తెగిన పోగులు ముడేస్తున్నాడు. ఆయన వెనక వరస సాంచాలన్నీ నడుస్తున్నాయి. మూలన సేటు కుర్చీలో కూర్చుని బట్ట మడతలు చూస్తున్నాడు.

టకటక టకటక టకటక… ట… కటక.

నీల చెవులు అట్లాంటివి. కరకరల గదిలో పెరిగిన చెవులు.

టకటక… ట…

"ఏమయ్యా!"

ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు.

మెయిన్ బోర్డు గుమ్మం పక్కనే ఉంది. దాని పిడి పట్టుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పట్టుకోకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

పిడి కిందికి లాగింది.

సాంచాలు ఒక్కొక్కటిగా ఆఖరి దెబ్బ కొట్టి ఆగాయి. నాడెలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, దారంలో దాక్కుని. ఏది తడబడిందో, ఏది లేవబోయిందో ఇక ఎవరూ చెప్పలేరు. కరెంటు పోయిందనుకుని అందరూ తలెత్తారు. అందరి గొంతులూ అలవాటుగా తగ్గిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో —

"పోచన్నా! గీ ముడి వడ్తలేదు, జర వచ్చి పట్టు!"

వంగిన వీపు అరుస్తోంది. ఆగిపోయిన వెయ్యి చప్పుళ్లకు పైనుంచి, కార్ఖానా కప్పు అదిరేలా.

ఒంటికన్ను పోచయ్య కదలలేదు. ఎవరూ కదలలేదు. సేటు చేతిలోని మడత మెల్లగా కిందికి దించాడు. నీల వంక చూశాడు. పిడి మీది ఆమె చెయ్యి చూశాడు. తర్వాత ఆ వీపును చూశాడు — చాలాసేపు.

"పోచన్నా! ఇనవడ్తలేదా ఏంది?"

ఎవరూ నవ్వలేదు.

కాళ్ల కింద నేల వణకడం మానేసిందని అప్పుడు తెలిసినట్టుంది. ఆయన ముడి వదిలేశాడు. భుజాలు బిగుసుకున్నాయి. వీపు కొంచెం నిటారైంది. ఇంకా తిరగలేదు.

తిరగబోతున్నాడు.

నీల చెయ్యి పిడి మీదే ఉంది.

బయట గాలి లేదు. వేపాకు కదలలేదు. చినుకు ఇంకా పడలేదు…