తలుపు ముందు మోగే ముక్క

భయపెట్టే కంప్యూటర్ ఆటకు సంగీతం కట్టడానికి ఇంతకంటే పిరికిమనిషిని ఊరంతా గాలించినా పట్టుకోలేరు. ఇంట్లో ఆమె పేరే దడుపు. చిన్నప్పుడు కుక్కర్ కూత వేస్తే మంచం కిందికి దూరేదని పిన్ని పెట్టిన పేరది. ఇరవై దాటినా పేరూ మారలేదు, గుణమూ మారలేదు. గదిలో బల్బు పోతే, కొత్తది పెట్టేదాకా పిన్ని కొంగు వదలదు.

అలాంటి దడుపు ఈ పనిలోకి దిగలేదు, జారిపడింది. మొదట బావ తీసిన బుల్లి సినిమాకు కీబోర్డు మీద నాలుగు ముక్కలు వాయించి ఇచ్చింది. ఆ సినిమాను బావ స్నేహితులు తప్ప ఎవరూ చూడలేదు గానీ, వాళ్లలో ఒకడు ఫోన్లో బుడగలు పేల్చే ఆట తయారుచేస్తున్నాడు. దానికీ కట్టింది. అది విని, కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఈ కంపెనీ మేడం కబురు చేసింది. "బుడగలకే ఇంత బాగా కట్టావు, దయ్యానికి కట్టలేవా?" అంది. దడుపు తలూపింది. కాదనడానికి కూడా ధైర్యం ఉండాలి మరి.

ఆటకు కట్టడం సినిమాకు కట్టినట్టు కాదు. సినిమాలో తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ముందే తెలుస్తుంది. ఆటలో తెరిచేది ఆడేవాళ్లు. ఒకరు పరుగున వచ్చి తోసేస్తారు, ఇంకొకరు అక్కడే నిలబడి గోళ్లు కొరుక్కుంటారు. అందుకని తలుపు ముందు నిలబడినంతసేపూ తిరిగి తిరిగి మోగడానికి ఒక ముక్క, తలుపు తెరవగానే మోగడానికి ఇంకో ముక్క కట్టాలి. లోపల ఏముంటుందో మేడం ఒక్క మాటలో చెప్పింది: "తెరిస్తే ఆవిడ ఉంటుంది."

ఆ ఒక్క మాటకే దడుపుకు రెండు రోజులు అన్నం సయించలేదు. కట్టేముందు ఆట ఆడి చూడాలి. ఆడింది. పక్కన పిన్నిని కూర్చోబెట్టుకుని, ఆటలోని పొడవాటి వసారాలో నడుచుకుంటూ తలుపుదాకా వెళ్లింది. అక్కడితో సరి. చెయ్యి ముందుకు పోదు. "తెరవవే, బొమ్మే కదా!" అని పిన్ని కసిరినా, దడుపు ఆట ఆపేసేది. వారాల తరబడి ఇదే తంతు. తలుపు ముందు నిలబడడం, వెనక్కి రావడం, అలా నిలబడినప్పుడు తన గుండె ఎలా కొట్టుకుందో ఆ వరసలోనే, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాద్యం గొంతుతో సన్నగా ఒక ముక్క కట్టడం. లోపలి ముక్క మాత్రం చూడకుండానే కట్టేసింది. దయ్యం కదా, ఏముంటుంది, డప్పులూ అరుపులూ దట్టించి పంపింది. తలుపు తెరవలేదన్న సంగతి కంపెనీలో ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ పరీక్ష. ఆట ఎన్నడూ చూడనివాళ్లను పిలిచి ఆడిస్తారు. భయపడితే సరే. లేకపోతే ఆట మొత్తం వేరే సంగీతకారుడి చేతికి పోతుంది. బాగా చెయ్యి తిరిగిన మనిషి, మేడం అప్పుడే ఫోన్ చేసి పెట్టుకుంది కూడా. దడుపు మూల కుర్చీలో కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉంది. ఈ పని పోతే మళ్లీ బుడగలే గతి.

మొదట వచ్చినామె చూయింగ్ గమ్ నములుతూ, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. వసారాలో పరుగు పెట్టి, తలుపు దగ్గర క్షణం కూడా ఆగకుండా తోసేసింది. హెడ్‌ఫోన్లలోంచి గదంతా వినిపించేలా డప్పులు దద్దరిల్లాయి. ఆమె తెర వైపు చూసి, "పెళ్లి ఊరేగింపా?" అని పకపకా నవ్వింది. గదిలో అందరూ నవ్వారు.

మేడం నవ్వలేదు. "ఆవిడ గోడవైపు తిరిగి నిలబడి ఉంటుంది. మెల్లగా ఇటు తిరుగుతుంది. తిరగకముందే డప్పులు ఎందుకు మోగించావు? నువ్వు చూడలేదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అబద్ధం చెబితే తర్వాత దాన్నీ కాపాడుకోవాలి, ఆ భయం ఇంకొకటి.

"చూడలేదండీ," అంది దడుపు. "నేనసలు ఆ తలుపు తెరవనేలేదు. భయమేసింది."

గమ్ నమిలే చప్పుడు ఆగింది. మేడం ఫోన్ చేతిలోకి తీసుకుంది. తీసుకుని, ఏమనుకుందో, కుర్చీ చూపించింది. "కూర్చో. ఇప్పుడు తెరువు."

"ఇప్పుడా? అందరి ముందా?"

"ఒక్కదానివే ఉంటే నీకు భయం కదా, అందరూ ఉండడమే మంచిది."

దడుపు కూర్చుంది. మేడం చప్పుడు స్పీకర్లలోకి మార్చింది. వసారా వచ్చింది, చివర తలుపు వచ్చింది. దడుపు ఆగిపోయింది. ఎప్పటిలాగే వేలు కదల్లేదు. తలుపు ముందు మోగే ముక్క మొదలైంది. చెల్లో సన్నగా, ఒక గుండె దెబ్బ తప్పినట్టు, మళ్లీ తప్పినట్టు. ఇంట్లో పిన్ని పక్కనుంటే అది ఒక మోస్తరుగా ఉండేది. ఇక్కడ గది గోడలన్నీ అదే మోగుతున్నాయి. దడుపుకు ఏడుపొచ్చింది. ఎంతసేపైందో తెలీదు. వెనక ఎవరో కాళ్లు కుర్చీ పైకి లాక్కున్న చప్పుడైంది. పరుగున తోసేసిన ఆ గమ్ నమిలే ఆమే, "అమ్మో, ఇది నాకు వినిపించనే లేదే," అని గొణిగింది.

ఇక భరించలేక, కళ్లు సగం మూసుకుని, దడుపు తలుపు తోసింది.

డప్పులు దద్దరిల్లాయి. లోపల గోడవైపు తిరిగిన ఒక ఆడమనిషి. అంతే. ఇన్నాళ్లు తను మనసులో కట్టుకున్న దయ్యాలన్నిటికంటే ఆవిడ చాలా చిన్నది. ఆ డప్పులకు దడుపుకే నవ్వొచ్చింది. నవ్వుతూనే అర్థమైంది: భయమంతా తలుపు బయటే ఉంది, లోపల ఏమీ మిగలకూడదు.

"ఒక్క ఐదు నిమిషాలు ఇవ్వండి," అంది. డప్పులు తీసేసింది, అరుపులు తీసేసింది. తలుపు తెరుచుకోగానే చెల్లో కూడా ఆగిపోయేలా పెట్టింది. ఏ చప్పుడూ లేదు. ఇది కూడా తప్పైతే ఇక చెప్పుకోవడానికి ఏమీ లేదు. చప్పుడే లేని సంగీతం ఇచ్చానని అందరూ నవ్వుతారు.

రెండో మనిషి వచ్చాడు. భారీ ఆకారం, మీసాలు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని సరదాగా మొదలుపెట్టాడు. దడుపు మేడంతో ఒక్క మాట అంది: "పరుగెత్తి తోసేస్తే వినిపించదండీ. తలుపు కాస్త బిగుసుకుని ఉండేలా పెట్టండి." మేడం మీట నొక్కింది.

ఆయన తలుపు తోశాడు, రాలేదు. ఆగాడు. ఆయన చెవుల్లో చెల్లో మొదలైంది. ఆయన భుజాలు కిందికి దిగాయి, మళ్లీ పైకి లేచాయి. మేడం ఊపిరి బిగబట్టి చూస్తోంది. దడుపు తన గుండె ఎవరి ఒంట్లోనో కొట్టుకుంటుంటే చూస్తోంది. తలుపు వదులైంది. తోస్తే చాలు.

ఆయన హెడ్‌ఫోన్లు తీసేసి బల్ల మీద పెట్టాడు. మీసాల మీద చెమట. వెనక్కి తిరిగి, ఎందుకో గదిలో అందరినీ వదిలేసి దడుపునే అడిగాడు.

"లోపల ఏముందమ్మా?"

"నేను చూసొచ్చానండీ," అంది దడుపు. "ఏం కాదు. తెరవండి."

ఆయన తెరవలేదు.

మేడం ఫోన్ తీసి, ఆ చెయ్యి తిరిగిన సంగీతకారుడికి, "అక్కర్లేదండీ," అని చెప్పి పెట్టేసింది.