తెగిన పడుగు

శ్రావణమాసపు మధ్యాహ్నమున నీలమేఘపరంపరలు దిక్కులన్నిటిని గప్పి సూర్యబింబమును మాటుపఱుపగా ఎగువనాడుల వర్షములచే నుప్పొంగిన తుంగభద్ర యెఱ్ఱని నురుగులు గ్రక్కుచు గట్టుల నొరసి పాఱుచుండెను. ఏ ఋతువునందును మగ్గముల చప్పు డాఱని గుండ్లకోట దేవాంగుల వీథి యానాడు మూగవోయెను. పరరాజాశ్వికసైన్యము కోటవాకిటికి వచ్చిపడినదని వేకువనే చాటింపు వినబడగా వృద్ధులును స్త్రీలును మూటముల్లెలతో నేటిదరికి బరువెత్తిరి. ఆయుధము పట్టజాలిన పురుషులు కోటవాకిట నిలిచిరి.

అట్లు నిలిచినవారిలో తిప్పయ్య యను నేతగా డొకడు. తల్లిలేని యాతని బిడ్డలు పదియాఱేండ్ల చౌడమ్మయు పదుమూడేండ్ల లింగన్నయు మధ్యాహ్నముదాక దండ్రికై కనిపెట్టి, యాతడు రాకున్నచో దామే యేరు దాటవలెనని తండ్రి చెప్పిపోయెను. ఊరక కూర్చుండ మనసొప్పక లింగన్న తండ్రి సగము నేసి విడిచిన పట్టుచీరయొద్ద మగ్గముగుంటలో దిగి పేకపోగు నల్లు నాడె నిటునటు విసరుచుండెను. అక్క మూట చంకనిడుకొని పిలుచుసరికి నిలువుపోగుల పడుగున నొక పోగు తెగెను.

"రా లింగా, పొద్దు వాలింది. నాయన ఏటికాడికే వస్తాడులే."

"పోగు తెగిందక్కా. ముడేసి వస్తా."

తెగినపోగు నట్లే విడిచి మగ్గమునుండి లేచినచో గడపదాటిపోయిన యింటివానికి గీడు మూడునని యా వీథివారి నమ్మకము. చౌడమ్మయు నా వీథి బిడ్డయే గదా! కాదనలేకపోయెను. ఆ ముడికి బట్టునది రెప్పపాటు కాలమే కాని వణకుచున్న వ్రేళ్లకు జాలసేపు పట్టెను. పాడుముడి! అది పడునంతలో గుఱ్ఱపుడెక్కల చప్పుడు వీథి చొచ్చెను.

ఆమె తమ్ముని గుంట యడుగునకు ద్రోసి తానును దిగి వానిపై నొదిగెను. మీద సగము నేసిన చీరయు బడుగును గప్పుగా నుండెను. ఇరువురు భటులు తలుపు దన్ని లోనికి వచ్చి కుండలు పగులగొట్టి ధాన్యము చల్లిరి. అందొకడు జరీయంచు తళుకు చూచి కత్తి దూసి పడుగు నడ్డముగా నఱకి నేసినంతమేర చుట్టచుట్టి చంక బెట్టుకొనెను. తెగిన పోగులు జలజల జాఱి గుంటలోని పిల్లల మొగములపై బడెను.

అప్పుడు లింగన్న కుడిచేయి తనంత దానే పైకి లేచెను. వాడు భయ మెఱుగనివాడు కాడు. పసితనమునుండి తెగినపోగు కంటబడగనే ముడివేయ మరగిన చేయి యది. చౌడమ్మ దాని నొడిసిపట్టి వెలికి రాకుండ మణికట్టున దన దంతములు దించి యదిమెను. నెత్తురుప్పు నాలుకకు దగిలెను. వాడు కిక్కురుమనలేదు.

భటులు పోవుచు వసారా కప్పునకు నిప్పంటించిరి. పొగ గ్రమ్ముకొనగా చౌడమ్మ మగ్గమున మిగిలిన పడుగును బెఱికి భుజమున వైచుకొని తమ్మునితో బెరటిదారిని ఏటికి బరువెత్తెను. నావలన్నియు నావలిగట్టు చేరియుండెను. ఈదుటకు గట్టుకొనునట్టి, జాలరులు విడిచిపోయిన రెండు సొరబుఱ్ఱలు మాత్రము దరిని బడియుండెను. వెనుక డెక్కలచప్పుడు మరల దగ్గఱగుచుండెను.

లింగన్న బురదలో జతికిలబడెను. "నేను రాను. పోగులన్నీ తెగిపాయ. నాయన సచ్చిపోయింటాడు, నా వల్లే."

చౌడమ్మ పడుగును ద్రాడుగా బేని యొకకొన తన నడుమునకు జుట్టి రెండవకొన వాని నడుమున జుట్టెను. రెండుచోట్లను కొనలు వాని చేతికిచ్చెను. "ఇప్పుడెయ్యి ముడి. ఇది ఊడితే నేను కూడా పోతా."

వాడు వేసెను. ఈసారి వ్రేళ్లు వణకలేదు.

బుఱ్ఱలు ఱొమ్ముల గట్టుకొని యేట దిగిన యా పిల్లలను బ్రవాహము పలుమాఱు విడదీయ జూచెను. త్రాడు నడుములను గోసికొనిపోయినను ముడి మాత్రము వదలలేదు. ఎంతోదూరము దిగువకు గొట్టుకొనిపోయి తుదకు రెల్లుదుబ్బుల బట్టుకొని యొడ్డెక్కిరి. అచ్చట తలకు గుడ్డచుట్టుకొన్న వీరప్ప కనబడెను. తిప్పయ్య ప్రక్కనే పోరాడి గాయపడగా తొలినావపై దాటింపబడిన ముదుసలి యాతడు.

"నాయనేడీ తాతా?" యని లింగన్న యడిగెను.

ముదుసలి వాని తలపై జేయి వైచెను. "తొలిదెబ్బకే పడిపాయ బిడ్డా. అప్పటికింకా పొద్దు పొడవలేదు."

పోగు తెగుటకు బెక్కుగడియల మునుపే తిప్పయ్య నేలకొరగెను. ఏ ముడికై వారు చావునకు జిక్కబోయిరో యా ముడి కాపాడవలసినవా డప్పటికే లేడు. లింగన్న గొల్లుమనెను. నింద తీఱినందులకా తండ్రి పోయినందులకా యనిన రెండిటికిని అని చెప్పవలయును.

నానిన ముడి బిగిసి యూపిరాడనీయకున్నదని చూచి వీరప్ప మొలనుండి చూరకత్తి దీసెను. "కోసేస్తా, కదలొద్దు."

అక్కయు దమ్ముడును ఒక్కమాఱే ముడిపై జేతులు గప్పిరి.

ఆవలిగట్టున వారి వీథి కాలుచుండ, నీవలిగట్టున నాయిద్దఱును దలలు వంచి గోళ్లతో నా ముడిని మెల్లమెల్లగా విప్పుకొనుచు గూర్చుండిరి.