రెండు రేకులు, పన్నెండు మాటలు

మా వీధిలో "పేర్లు చెక్కబడును" అని బోర్డు పెట్టుకున్న షాపులు తొమ్మిది. ఉలి పట్టుకోవడం వచ్చిన చెయ్యి మాత్రం ఒక్కటే, అది నాది. మిగతా ఎనిమిది మందీ ఆర్డరు రాసుకుని, అడ్వాన్సు జేబులో వేసుకుని, వెనకదారిన సరుకు తెచ్చి నా బల్ల మీద పడేస్తారు. నేను చెక్కి ఇస్తే పట్టుకుపోయి "మా పనివాడు చెక్కాడండీ" అంటారు. అందులో అబద్ధం లేదు. వాళ్ళందరి పనివాణ్ణీ నేనే.

నా పనితనం గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఒకప్పుడు ఆవగింజ మీద పెళ్ళి శుభలేఖ మొత్తం చెక్కాను. పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పు పడిందని వెనక్కి పంపిస్తే, ఆవగింజని అటు తిప్పి రెండోవైపు మళ్ళీ చెక్కాను. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ ఆవగింజ ఇప్పుడు లేదు, మా ఆవిడ పోపులో వేసేసింది.

ఇది మాత్రం నమ్మండి. చెక్కిన ప్రతి వస్తువు మీదా పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చు తీసి పుస్తకంలో అంటించుకుంటాను. రేపు ఎవరైనా వచ్చి "మేమిలా రాయించలేదు" అని పేచీ పెడితే మొహాన పెట్టడానికి. అలాంటి పుస్తకాలు ముప్పై ఒకటి ఉన్నాయి నా దగ్గర. ఇప్పుడు నడుస్తున్నది ముప్పై రెండోది. కథంతా అందులోనే ఉంది.

నా కొట్టు పైన గదిలో సిస్టరమ్మ ఉండేది. ముప్పై ఆరేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నా అనేవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క గదికే అద్దె కడుతోంది. కిటికీలో రెండు పూలకుండీలు, గోడకి ఒక గడియారం, ఇస్త్రీ చేసిన తెల్లచీరలు. అంతే ఆమె సంసారం. యజమాని ఆ గది అమ్మకానికి పెట్టి, "నువ్వు కొనుక్కుంటానంటే ఏడాది చివరి దాకా ఆగుతానమ్మా. పద్దెనిమిది లక్షలు. ఆ పైన ఒక్కరోజు కూడా ఆగను" అన్నాడు. ఆమె దగ్గర పదకొండు ఉన్నాయి.

ఆ ఏడు లక్షల లోటు గురించి ఆమె నా బల్ల దగ్గర కూర్చుని బాధపడుతుంటే, నా నోరు ఊరుకోలేదు.

మా అక్క కొడుకు ఒకడున్నాడు. అక్క పోయింది గానీ వాడు బాగానే ఉన్నాడు. ఏమడిగినా చిటికె వేసి "అయిపోతుంది" అంటాడని అందరూ వాణ్ణి చిటికె అనే పిలుస్తారు. కంటికి కనిపించని నాణేలేవో ఉన్నాయట, క్రిప్టో అంటారట, వాటిలో జనం డబ్బు పెట్టడానికి వాడొక యాప్ నడుపుతున్నాడు. నేను ఐదు వేలు ఇస్తే నెల తిరక్కుండా ఆరు వేలు తెచ్చి చేతిలో పెట్టాడు. లాభం వెయ్యి. సిస్టరమ్మకి నేను ఇరవై వేలని చెప్పాను. వెయ్యి అంటే అదొక కథా?

"ఇరవయ్యే! ఒక్క నెలలోనా అన్నయ్యా?" అంది.

"నెలేమిటమ్మా, ఇరవై ఆరు రోజులు. మిగతా నాలుగు రోజులూ డబ్బు ఆయాసం తీర్చుకుంది. మావాడు ఫోను తీస్తే బ్యాంకు మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడతాడు."

ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వి, మర్నాడు పదకొండు లక్షలూ చిటికె చెప్పిన చోట వేసింది.

రెండో నెలకల్లా ఆమె ఫోనులో పద్నాలుగు లక్షలు కనిపించాయి. నేనాగలేకపోయాను. మంచి ఇత్తడి పలక తీసి, ఆమె పేరు నా చేతిలో ఉన్న వంపులన్నీ పోసి చెక్కి, పైకెళ్ళి తలుపుకి నాలుగు రంధ్రాలు కూడా వేసేశాను.

"ఇంకా కొననే లేదు, అప్పుడే రంధ్రాలేమిటి అన్నయ్యా?"

"కొన్నాక నువ్వు ఇంటిగలావిడవి అయిపోతావు. తలుపు మీద చెయ్యి వేయనిస్తావో లేదో!"

"పోనీ, రంధ్రాలు వేశావు కాబట్టి వేశావు. కాగితాల మీద సంతకాలయ్యే దాకా పలక బిగించకు."

పలక గుడ్డలో చుట్టి నా సొరుగులో పెట్టుకున్నాను.

ఏడాది చివరికి ఇంకా ఆరు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం చిటికె ఊడిపడ్డాడు. అరచెయ్యంత స్టీలు రేకు, ఒక చీటీ నా ముందు పెట్టాడు. చీటీలో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసి ఆరు ఇంగ్లీషు మాటలున్నాయి. గొడుగు, కప్ప, నిచ్చెన... ఇలా, ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు.

"ఏమిట్రా ఇది, బళ్ళో చెప్పిన డిక్టేషనా?"

"అలాంటిదే మామయ్యా. చెక్కు. ఎవరికీ చెప్పకు."

"కాగితం మీద రాసుకుంటే చాలదా? ఇంత లావు కంప్యూటర్లున్నాయి కదా మీ దగ్గర."

"కాగితం తగలబడుతుంది. కంప్యూటర్లో దొంగలు పడతారు. అందులో ఎంతమంది దొంగలుంటారో నీకు తెలీదు మామయ్యా" అన్నాడు, ఎంతో బాధగా.

చెక్కిచ్చాను. అచ్చు తీసేటప్పటికి వాడు బయట ఫోను మాట్లాడుకుంటున్నాడు. రేకు బనీనులో దాచుకుని వెళ్ళిపోయాడు.

గంట గడిచిందో లేదో, ఎదురుగా ప్రైజు కప్పులూ షీల్డులూ అమ్మే కప్పులాయన రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో అలాంటి రేకే. అలాంటి చీటీయే. అదే చేతిరాత. ఏడు నుంచి పన్నెండు.

"అర్జెంటు బాబాయ్. ఎవడో గానీ డబుల్ రేటు ఇచ్చాడు. ఎక్కడా ఎవరికీ చూపించద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు."

"వేశావా?"

"వేశా. నీకు చూపించక ఎలా చెక్కించను మరి?"

నాకు నవ్వాగలేదు. వెర్రినాగన్న! రహస్యం రెండు ముక్కలు చేసి రెండు షాపుల్లో ఇస్తే ఎవరికీ పూర్తిగా తెలియదనుకున్నాడు. రెండో ముక్క కూడా చెక్కాను. రెండు అచ్చులూ పుస్తకంలో పక్కపక్కనే అంటించాను. ఇదేదో పిల్లల ఆట అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

నాలుగో రోజు పొద్దున్నే సిస్టరమ్మ మెట్లు దిగి వచ్చింది. ఫోను నా ముందు పెట్టింది.

"అన్నయ్యా, ఇది తెరుచుకోవడం లేదు. నిన్న డబ్బు తీసుకుందామని నొక్కాను. అప్పటినుంచి ఇంతే."

చిటికెకి ఫోను చేశాను. ఆ నంబరే లేదంది ఫోను. సాయంత్రానికి వీధిలో ఇంకో ముగ్గురు అదే మొహంతో నా కొట్టు ముందు నిలబడ్డారు. నీ మేనల్లుడెక్కడ అన్నారు. నేను ఒక్క కోత కూడా కోయలేకపోయాను.

వాడు దొరికిన తీరు చెబితే, ఇదీ నా ఆవగింజ కథే అనుకుంటారు. దూరంగా కాలవ పక్కన ఒక లాడ్జిలో దొంగపేరుతో గది తీసుకున్నాడు. ఫోను మార్చాడు, గడ్డం పెంచాడు, పగలు బయటికే రాలేదు. అంతా బాగానే చేశాడు. కానీ స్నానానికి వేడినీళ్ళు రాలేదట. వాడి కోపం ఆగలేదట. ఆన్‌లైన్లో ఆ లాడ్జికి ఐదు చుక్కల్లో ఒకే ఒక్క చుక్క ఇచ్చి, "మూడు రోజులుగా చన్నీళ్ళే, ఎవరూ రాకండి" అని రాశాడు. సొంత పేరుతో, సొంత ఫోటోతో. పోలీసులు వెళ్ళారు మరి.

తలుపు బద్దలు కొట్టేలోపు కిటికీలోంచి రెండు రేకులూ కాలవలోకి విసిరేశాడు. ఆ పన్నెండు మాటలూ కొడితేనే జనం డబ్బు ఉన్న పెట్టె తెరుచుకుంటుందని, అవి తనకు గుర్తు లేవని చెప్పి కూర్చున్నాడని పేపర్లో వేశారు. అప్పుడు తెలిసింది నాకు, నేను చెక్కింది ఏమిటో.

వాడు మా అక్క కొడుకు. చిన్నప్పుడు నా సుత్తి పట్టుకుని బల్లంతా సొట్టలు పెట్టినవాడు. ఆ సొట్టలు ఇంకా ఉన్నాయి. ఐనా పుస్తకం చంకలో పెట్టుకుని పైకెళ్ళి, "పద సిస్టరమ్మా" అన్నాను.

గడువుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

సైబర్ నేరాల ఆఫీసు అంటే ఏదో అనుకున్నాను. పాత ఫ్యానూ, చినిగిన సోఫా, తెరలున్న బల్లలు. ఆఫీసరమ్మ చిన్నదే, మా ఇంటి పిల్లలా ఉంది. నా పుస్తకం తిరగేసి రెండు అచ్చులూ చూసి, "తాతగారూ, మీరు నిజమే చెబుతున్నారా?" అంది. నన్ను చూడగానే ఎవరికైనా వచ్చే అనుమానమే అది. చిటికెని రప్పించింది.

వాడు పుస్తకం చూశాడు. నోరు వెళ్ళబెట్టాడు.

"మామయ్యా! మొదటి ముక్క సరే. రెండోది ఎదురు షాపులో ఇచ్చాను కదా!"

"ఆ కప్పులాయనకి పెన్సిలు చెక్కుకోవడం కూడా రాదురా. ఈ వీధిలో ఎవడికిచ్చినా నా బల్ల మీదకే వస్తుంది. ఇంత ప్రపంచాన్ని మోసం చేసినవాడివి, ఆ సంగతి అడిగి తెలుసుకోలేకపోయావా?"

వాడు తల దించుకుంటాడనుకున్నాను. దించలేదు. మెల్లగా వాడి మొహం వెలిగింది.

"మంచిదే అయింది. తెరవండి మేడమ్. అందరికీ ఇచ్చేస్తాను. ఇచ్చాక కూడా మిగులుతుంది" అని, సంకెళ్ళ చేతులతోనే చిటికె వేశాడు.

ఆఫీసరమ్మ ఒక్కొక్క మాటా చదువుతూ కొట్టింది. గొడుగు. కప్ప. నిచ్చెన. పన్నెండోది అయ్యాక తెర మీద అంకె వచ్చింది. తొమ్మిది కోట్లు. సిస్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది. నాడి చూడడం అలవాటైన వేళ్ళు కదా, సరిగ్గా నాడి మీదే పడ్డాయి. నాది ఎలా కొట్టుకుంటుందో ఆమెకి తెలిసే ఉంటుంది.

ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు. పక్క కుర్చీలో ఉన్నతన్ని పిలిచింది. ఇద్దరూ అరగంట సేపు ఏవేవో నొక్కారు. చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"జనం డబ్బంతా పెట్టి ఈ నాణెం ఎందుకు కొన్నావు?" అని చిటికెని అడిగింది.

"మంచి నాణెం మేడమ్. వచ్చే నెలకి మూడింతలవుతుంది."

"ఇది కొనడానికే ఉంది, అమ్మడానికి లేదు. దొంగలెవరో దీన్ని అలా తయారుచేశారు. ఆ తొమ్మిది కోట్లు వాళ్ళు వేసిన బొమ్మ. నీ డబ్బు ఎప్పుడో ఎవడో తీసుకుపోయాడు. ఇందులో నూరు రూపాయలు కూడా లేవు."

"మీకు తెలీదు మేడమ్. కొంచెం ఓపిక పట్టాలి. భయపడి మధ్యలో తీసేవాళ్ళే నష్టపోతారు" అన్నాడు వాడు.

ఆ మాట విని సిస్టరమ్మ తలెత్తింది. అక్షరం పొల్లుపోకుండా అదే మాట ఆమెతో ఫోనులో అన్నాడట.

"బాబూ, ఈ నాణెం కొనమని నీకెవరు చెప్పారు?" అని అడిగింది, ఎక్కడ నొప్పి అని రోగిని అడిగినంత నెమ్మదిగా.

"మా ఫోను గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నాడాంటీ. చాలా మంచివాడు. ఎప్పుడూ జోకులేస్తుంటాడు. ఆయనకి మొదటి నెలలోనే చాలా లాభం వచ్చిందన్నాడు."

నేను పుస్తకం మూశాను.

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను పక్కన. మూడో స్టాపు దాటాక ఆమె నావైపు తిరిగింది.

"అన్నయ్యా, ఒక్కటి అడుగుతాను. నీకు నిజంగా ఇరవై వేలు వచ్చాయా?"

ఏదైనా చెప్పచ్చు. డెబ్భై ఏళ్ళుగా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను.

"వెయ్యి వచ్చాయమ్మా."

ఆమె తల ఊపింది. కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. సంచీలోంచి టిక్కెట్టు తీసి, దాన్ని మడిచి, మళ్ళీ మడిచి, గోరంత చేసింది. మా స్టాపు వచ్చాక ఆమె ముందు దిగింది. నా కోసం ఆగలేదు.

ఏడాది చివరి రోజున సామాను దించాను. రెండు పెట్టెలు, గడియారం. ఎవరింట్లోనో మంచాన పడ్డ ముసలాయన్ని చూసుకునే పని దొరికిందట. ఆయన పక్కనే ఇంకో మంచం వేస్తారట, అద్దె ఉండదట. ఆమెకి అరవై నాలుగేళ్ళు. పూలకుండీలు తీసుకెళ్ళలేదు. సొరుగులోంచి పలక తీసి, గుడ్డ విప్పి ఇచ్చాను.

ఆమె చూసింది. వేలితో తన పేరు ఒకసారి తడిమింది.

"చాలా బాగా చెక్కావు. నా దగ్గర దీనికి తలుపు లేదు అన్నయ్యా. ఉంచుకో" అంది.

పది రోజులు పోయాక కప్పులాయన రోడ్డు దాటి వచ్చాడు. ఇత్తడి పలక, చీటీ.

"అర్జెంటు బాబాయ్. మీ పైగది కొన్నాయన. నువ్వే వెళ్ళి బిగించిరావాలి."

చెక్కాను. అచ్చు తీశాను. కప్పులాయన స్టూలు మీద కూర్చుని, "ఏమిటివ్వాళ నోరు మూతపడింది? పోనీ ఆవగింజ సంగతైనా చెప్పు" అన్నాడు.

"స్క్రూలకి విడిగా ఇవ్వాలని చెప్పు ఆయనకి" అన్నాను.

పైకి వెళ్ళాను. కొత్తాయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లోపల గోడలకి కొత్త రంగు వాసన. పలక తలుపుకి ఆనించాను. నాలుగు రంధ్రాలూ నాలుగు మూలలకీ సరిగ్గా కుదిరాయి.

"అరే, రంధ్రాలు ముందే ఉన్నాయే!" అన్నాడాయన సంతోషంగా. "వెంట్రుకవాసి తేడా లేదు చూశారా? ఎవరు వేశారో గానీ, లెక్క తెలిసిన మనిషండీ."

స్క్రూలు పళ్ళ మధ్య పెట్టుకున్నాను. మాట్లాడక్కర్లేకుండా.