మేస్త్రీగారి బల్ల

చర్చిలో ఎడమపక్క మొదటి బల్లకు ఒక పేరుండేది. మేస్త్రీగారి బల్ల. ఆ చర్చి గోడలు ఇటుకమీద ఇటుక పేర్చి లేపింది ఆయనే. బల్ల మీద పేరేమీ రాసి లేదు. అయినా కొత్తవాళ్ళెవరైనా తెలియక కూర్చుంటే పక్కవాళ్ళు చెవిలో గుసగుసలాడి లేపేసేవాళ్ళు.

బుల్లి చిన్నప్పటి ఆదివారాలన్నీ ఆ బల్ల మీదే గడిచాయి. మధ్యలో మేస్త్రీ తాతయ్య, ఆయనకు ఒకవైపు బుల్లి, మరోవైపు పెదనాన్న కూతురు గువ్వ. గువ్వ బుల్లికంటే రెండేళ్ళు పెద్దది. ప్రసంగం మొదలైన పావుగంటకు తాతయ్య కునుకులోకి జారుకునేవాడు. ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచి, విన్నట్టు కనబడాలని గట్టిగా "ఆమెన్!" అనేవాడు. ఒకసారి పాస్టరుగారు చర్చి వెనకాల మరుగుదొడ్డి తలుపు ఊడిపోయిందని చెబుతుండగా అన్నాడు. ఆరోజు పిల్లలిద్దరూ నవ్వు ఆపుకోలేక చేతులు కొరుక్కున్నారు. పాట వచ్చినప్పుడు ఇద్దరికీ ఒకటే పుస్తకం. బుల్లికి చదవడం నిదానం కాబట్టి గువ్వ అక్షరాల కింద వేలు పెట్టి నడిపించేది.

బుల్లికి ఎనిమిదేళ్ళప్పుడు తాతయ్య పోయాడు. గడియారాల కొట్టు నడిపే పెదనాన్న, చర్చి గోడకు తండ్రి పేరున ఒక పాలరాయి వేయించాడు. దాని అడుగున "పెద్దకుమారుడు వేయించినది" అని చెక్కించాడు. చిన్నకొడుకు ఊసు ఎక్కడా లేదు. ఆ చిన్నకొడుకే బుల్లి నాన్న. డాక్టరుగారి దగ్గర కాంపౌండరు.

రాయి పెట్టిన ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలోనే గొడవ మొదలైంది.

"నేనేమైనా దారినపోయే దానయ్యనా? నాతో ఒక్కమాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు నాన్న.

"ప్రతిదానికీ నీ అనుమతి తీసుకోవాలా? ఆయన మంచం పట్టిననాడు నువ్వెక్కడున్నావు?" అన్నాడు పెదనాన్న.

ఆ రెండోమాట అనకుండా ఉండాల్సింది. మంచం పట్టిన తండ్రికి రోజూ పొద్దున్నే ఇంజెక్షను చేసి పనికి వెళ్ళింది నాన్నే. మరుసటి ఆదివారం నాన్న తన సంసారాన్ని కుడిపక్క మూడో బల్లకు తీసుకుపోయాడు.

"అటు చూడకు," అంది అమ్మ.

బుల్లి చూసేది. అందరూ లేచి నిలబడి పాడేటప్పుడు ఎవరు ఎటు చూస్తున్నారో ఎవరికీ పట్టదు. నడవకు అవతల గువ్వ పుస్తకాన్ని కాస్త పైకెత్తి, అక్షరాల కింద వేలు మెల్లగా నడిపించేది. అంతదూరం నుంచి బుల్లికి ఒక్క అక్షరమూ కనబడదు. అయినా ఆ వేలిని చూసే పాడేది. రెండేళ్ళపాటు అక్కాచెల్లెళ్ళ మధ్య ఉన్న మాటామంతీ అదొక్కటే.

ఆ తరవాత గువ్వ పాట మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. ముందు చివరి చరణానికి, తరవాత మూడో చరణానికే. పెద్దమ్మ బద్ధకం అనుకుని మోచేత్తో పొడిచేది.

శనివారం సాయంత్రం నాన్న బూట్లు తుడుచుకుంటుంటే బుల్లి చెప్పింది. "నాన్నా, అక్క నిలబడలేకపోతోంది. ఆయాసపడుతోంది."

బ్రష్షు ఆగింది. "జ్వరమేమైనా వచ్చిందా దానికి?"

"వానాకాలంలో వచ్చిందట. మోకాళ్ళ నొప్పులని వాళ్ళ బడికి కూడా పోలేదట. వాళ్ళ క్లాసమ్మాయి చెప్పింది."

నాన్న బూటు పక్కన పెట్టాడు. "రేపు దాని కాళ్ళు చూడు. చీలమండల దగ్గర."

బుల్లి చూసింది. చెప్పుల పట్టీ గువ్వ వాచిన కాలిలోకి దిగబడిపోయి ఉంది. ఆ మాట విన్నాక నాన్నకు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

"గుండె," అన్నాడు అమ్మతో.

"అయితే వెళ్ళి చెప్పండి. పంతాలకు ఇదా సమయం?"

నాన్న చొక్కా వేసుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి, అక్కడ చాలాసేపు నిలబడి, వెనక్కి వచ్చాడు.

"బుల్లీ, రేపు బడి నుంచి నువ్వెళ్ళు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, గుండె డాక్టరుకు చూపించమని చెప్పు. ఆలస్యం చెయ్యొద్దన్నానని చెప్పు."

కొట్టునిండా గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. పెదనాన్న కంటికి భూతద్దం పెట్టుకుని పని చేసుకుంటున్నాడు. బుల్లి దారంతా వల్లె వేసుకుంటూ వచ్చిన మాటల్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. ఆయన భూతద్దం తియ్యలేదు.

"ఎవరు పంపారు?"

"నాన్న."

"మీ నాన్నకు కాళ్ళు లేవా? అంత ప్రేమే ఉంటే తనే వచ్చి చెప్పమను."

బుల్లి అదీ తు.చ. తప్పకుండా ఇంటికి మోసుకొచ్చింది. నాన్న ముఖం కందిపోయింది.

"మళ్ళీ వెళ్ళనా నాన్నా?"

"అక్కర్లేదు. నా మాటంటే లెక్కలేనివాడికి ఇంకేం చెప్తాం?"

పెదనాన్న గువ్వకు బలానికని టానిక్కు కొన్నాడు. ఆరు వారాల తరవాత గువ్వ బడి మెట్ల మీద కుప్పకూలింది. పెద్దాసుపత్రిలో డాక్టరు, ఒక నెల ముందు తెచ్చి ఉంటే వేరుగా ఉండేదన్నాడట. తొమ్మిదోరోజు గువ్వ పోయింది. దానికి పన్నెండేళ్ళు.

చర్చిలో పెట్టె పక్కన నాన్న "అన్నా" అంటూ వెళ్ళి పెదనాన్న మీద పడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. విడిపోయిన ఇంటిని ఈ పసిబిడ్డ కలిపి వెళ్ళిందన్నారు పాస్టరుగారు. అక్కడ కంటతడి పెట్టనివాళ్ళు లేరు, బుల్లి తప్ప. వాళ్ళింటికీ గడియారాల కొట్టుకూ మధ్య నాలుగు వీధులు. ఈ కావలించుకోవడమేదో అప్పుడే అక్కడ కావలించుకుని ఉంటే సరిపోయేదిగా అనుకుంది. ఎవరితోనూ అనలేదు.

తరవాతి ఆదివారం అందరూ మళ్ళీ మేస్త్రీగారి బల్ల మీద చేరారు. పెదనాన్న పక్కకు జరిగి, తన దగ్గర చోటు చూపించి, "రా అమ్మా" అన్నాడు. అది గువ్వ కూర్చునే చోటు. బుల్లి కాళ్ళు ముందుకు పడలేదు. వెనక్కి తిరిగి వెళ్ళి, చంటిపిల్లల తల్లులు కూర్చునే కడపటి బల్ల మీద కూలబడింది. అమ్మ వెనక్కి తిరిగి ఎంత సైగ చేసినా లేవలేదు.

మొదటి పాట అవుతుండగా ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. పెద్దమ్మ.

"అక్కడ నాకు ఊపిరాడటం లేదే," అంది.

ప్రసంగం సగమైంది. అప్పుడు పెద్దమ్మ చూపు ముందుకే ఉంచి, మెల్లగా అడిగింది. "నువ్వొకరోజు కొట్టుకు వచ్చావటగా. కొట్టు పక్కనుండే టైలరు చెప్పాడు. ఏం పనిమీద వచ్చావే?"

పెదనాన్న ఇంట్లో చెప్పలేదని బుల్లికి అప్పుడే తెలిసింది. ముందు బల్ల మీద అన్నదమ్ములిద్దరి భుజాలూ ఆనుకుని ఉన్నాయి. నాన్న వీపు వంగిపోయి ఉంది.

"ఊరికే, పెద్దమ్మా. గడియారాలు చూద్దామని వచ్చాను."

"అంతేనా?"

"అంతే."

పెద్దమ్మ బుల్లి జడ చివర వదులైన రిబ్బను విప్పి, బిగించి ముడేసింది.

పద్నాలుగేళ్ళపాటు వాళ్ళిద్దరూ ఆ కడపటి బల్ల మీదే కూర్చున్నారు. పెద్దమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. బుల్లికి మాత్రం నిజం ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం అనుకునేది. బుల్లికి పెళ్ళయిన ఏడు పెద్దమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది.

సమాధుల దగ్గర నుంచి వస్తూ నాన్న బుల్లి పక్కకు చేరాడు. కొంతదూరం నడిచాక అడిగాడు.

"మీ పెద్దమ్మకు ఎప్పుడైనా చెప్పావా?"

"లేదు నాన్నా."

ఆయన తల ఊపాడు. ఇంటిదాకా బుల్లి పక్కనే నడిచాడు.