మైపాడు ఉప్పు

లండన్ నుంచి వచ్చిన నలభై పేజీల ఫైలు తెరిచి మొదటి పేరా చదవగానే తస్లీమాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వాక్యాలు తనవి. కామాలతో సహా తనవి.

లండన్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ నార్వే నవలల్ని ఇంగ్లీషులో వేస్తుంటుంది. అనువాదకులు పంపే నమూనా పేజీల్ని మూలంతో పోల్చి, బాగోగులు రాసి పంపడం రెండేళ్ళుగా తస్లీమా పని. అనువదించింది ఎవరో ఆమెకు చెప్పరు, పరీక్షించింది ఎవరో అనువాదకుడికి చెప్పరు. పేర్లు తెలిస్తే మొహమాటాలు వస్తాయని వాళ్ళ పద్ధతి. ఈసారి మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఈ పేజీలు లోకంలో ఒక్క మనిషి దగ్గరే ఉన్నాయి. ఆ మహానుభావుడి పేరు గంగాప్రసాద్.

నెల్లూరు దగ్గర మైపాడులో ఎండుచేపలు అమ్ముకునే మున్నీబీ కూతురికి నార్వే భాష ఎలా వచ్చిందని అందరూ అడుగుతారు. గల్ఫ్‌లో ఫుజైరా రేవులో ఓడలకు నూనె నింపే కంపెనీలో నార్వే ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఆయన తల్లికి చూపు పోయింది. ఆమెను చూసుకోవడానికి 2013లో, బి.ఏ. ఇంగ్లీషు అప్పుడే పూర్తి చేసిన తస్లీమా వచ్చింది. ముసలావిడకు మందులకన్నా పుస్తకాలు ముఖ్యం. అర్థం కాకపోయినా పైకి చదవమనేది. తప్పు పలికితే చేతికర్రతో నేలమీద టక్కుమని కొట్టి, సరిచేసి, అర్థం చెప్పేది. ఆరేళ్ళు అలా గడిచాయి. కర్ర చప్పుడు తగ్గేకొద్దీ భాష పట్టుబడింది.

2019 చివర్లో ముసలావిడ పోయింది. కొడుకు తన దేశం వెళ్ళిపోతూ పుస్తకాలన్నీ తస్లీమాకు వదిలేశాడు. ఆమె దుబాయ్ వెళ్ళి డేరా బజారులో ఒక ట్రాన్స్‌లేషన్ సెంటర్లో చేరింది. పెళ్ళి సర్టిఫికెట్లూ, డిగ్రీ సర్టిఫికెట్లూ తర్జుమా చేసి స్టాంపు వేసే దుకాణం అది. దాని యజమాని ఈ గంగాప్రసాద్. జగిత్యాల వైపు మనిషి, సాహిత్య సభల్లో ముందు వరసలో కూర్చునే మనిషి. లాక్‌డౌన్‌లో గిరాకీ లేక ఖాళీగా కూర్చున్న రోజుల్లో, ఆఫీసు కంప్యూటర్ మీద తస్లీమా ఒక నార్వే నవలను ఇంగ్లీషులోకి మార్చింది. ఆయన చదివి మస్తుగుందన్నాడు. లండన్లో తెలిసినవాళ్ళున్నారు, నేను పంపుతానన్నాడు.

పంపాడు. పుస్తకం వచ్చింది. అట్ట మీద అనువాదకుడిగా ఆయన పేరుంది.

"నా పేరు లేదేంది సార్?" అని తస్లీమా అడిగింది.

"నీ పేరు ఎవలకు ఎరుక బిడ్డా? నా పేరుంటెనే పుస్తకం నడుస్తది. ఇగ ఖలాస్, లొల్లి జెయ్యకు," అన్నాడు ఆయన, టీ తాగుతూ.

ఆ పుస్తకం వేసింది లండన్లోనే వేరే సంస్థ. ఆమె వాళ్ళకు రాసింది. ఆధారాలు పంపమని రెండు ముక్కల జవాబు వచ్చింది. ఆధారాలన్నీ గంగాప్రసాద్ కంప్యూటర్లో ఉన్నాయి. రెండో నవల నలభై పేజీల దగ్గర ఉండగా, అదే కంప్యూటర్లో దాన్ని వదిలేసి ఉద్యోగం మానేసింది. ఆ తర్వాత ఆ మొదటి పుస్తకానికి బహుమతి వచ్చింది. దండలు వేశారు, శాలువాలు కప్పారు. నార్వే వాళ్ళు పిలిచి వారం రోజులు తిప్పి చూపించారు. భాష ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే ఓడల మీద నావికుల దగ్గర అని చెప్పేవాడట. ఆ మాట చెవిన పడిన రోజు తస్లీమా అన్నం తినలేదు. ఎప్పటికైనా ఆయన్ని పదిమందిలో నిలబెట్టి ఉతికి ఆరేయాలని మూడేళ్ళు కోరుకుంది. సిగ్గుపడకుండా, దువాలో కూడా కోరుకుంది.

"ఏంది తస్లీమా, అన్నం ముందర పెట్టుకోని కంప్యూటర్ని కొరుక్కు తినేట్టు చూస్తుండావు?" అన్నాడు అమీర్ జాన్. ఆమె భర్త. ఫుజైరా రేవులో ఓడల్ని లాగే టగ్గు నడుపుతాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు.

సంగతి చెప్పింది.

"బాగలేదని రాసి పారెయ్. ఖలాస్."

"ఇంకోచోటికి పంపుకుంటాడు. ఎవరో ఒకరు వేస్తారు."

"అయితే నాదేనని చెప్పు."

"సాక్ష్యం ఏదంటారు. ఉద్యోగం మానేసినామె కడుపుమంటతో అంటుందంటారు. ఒకసారి అయింది గదా."

"ఇంకేం జేస్తావు? ఆయప్పే వచ్చి, ఇది నేను రాయలేదు, తస్లీమా రాసిందని చెప్పాల. చచ్చినా చెప్పడు." అమీర్ జాన్ చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆమె మళ్ళీ పేజీలు తిప్పింది. కోపంగా చదవడం మొదలుపెట్టింది గానీ కాసేపటికి చదువరి బుద్ధి మేలుకుంది. మంచి వాక్యాలున్నాయి. ముప్పై ఒకటో పేజీకి వచ్చేసరికి ముఖం వేడెక్కింది. ఉత్తర నార్వే దీవిలో జాలర్లు చేపల్ని ఆరబెట్టే చోటు అది. మూలంలో చేపల్ని జంటలుగా తోకలు కట్టి, కర్రల పందిళ్ళ మీద చలిగాలికి నెలల తరబడి వేలాడదీస్తారు. ఉప్పు తగలనివ్వరు. తస్లీమా అనువాదంలో పొట్ట చీల్చి, ఉప్పు పట్టించి, ఇసుక మీద ఎండలో పరిచారు. రచయిత ఉప్పు సంగతి రాయడం మరిచిపోయాడనుకుంది అప్పట్లో. ఉప్పు లేకుండా చేప ఎండడం మున్నీబీ కూతురు ఎక్కడ చూసింది గనక?

అదొక్కటే కాదు. చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని నల్ల కాఫీ తాగే ముసలాయనకు చిక్కటి పాలు పోసింది. ఇంకో చోట తుఫాను వల్ల పాదిరీ పడవ రాక, శవపేటిక మూడు వారాలు పడవల కొట్టంలో ఉండిపోతుంది. తన అనువాదంలో అదే సాయంత్రం ఖననం చేసేశారు, మూడు వారాలు సంతాపంగా మారిపోయాయి. మయ్యత్తును మూడు వారాలు ఎవరైనా ఉంచుతారా అని రచయితను దిద్దిన ఇరవై ఎనిమిదేళ్ళ పొగరు అది. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గులోనే ఒక ఆలోచన వచ్చింది.

గంగాప్రసాద్ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. పని బాగుందంటే చేసింది ఆయన. తప్పు వచ్చిందంటే టైపు చేసిన పిల్ల. గిరాకీ గట్టిగా అరిచేదాకా కూడా ఆగేవాడు కాదు, వెంటనే వేలు చూపించేవాడు.

తస్లీమా నివేదిక రాసింది. తన పేజీల్ని తానే చీల్చి చెండాడింది. ఎవరైనా బతిమాలినా అంత కటువుగా రాసేది కాదు. అనువాదకుడు రచయిత మీద స్వారీ చేశాడని రాసింది, ఆ మాట తనకే తగిలి కాసేపు ఆగింది, అయినా కొట్టేయలేదు. మంచి వాక్యాల గురించి ఒక్క ముక్క రాయలేదు. చివర, నిర్ణయానికి ముందు మూడు ప్రశ్నలు అనువాదకుడిని రచయిత ఎదుట అడగమని కోరింది.

గురువారం మూడు గంటలకు ఆన్‌లైన్ సమావేశం పెట్టారు. లండన్లో ఎడిటరమ్మ, నార్వేలో డెబ్భై ఏళ్ళ రచయిత, డేరాలో శాలువా కప్పుకున్న గంగాప్రసాద్. వెనక గోడ మీద బహుమతి ఫోటో. నాలుగో గడిలో మనిషి బొమ్మ లేదు, 'పరీక్షకులు' అని మాత్రం ఉంది. తస్లీమా కెమెరా, మైకు ఆపేసి చేతులు కట్టుకుని కూర్చుంది.

రచయిత నార్వే భాషలో ఏదో ఆప్యాయంగా పలకరించాడు. గంగాప్రసాద్ చెవి మీద చెయ్యి పెట్టి, లైను సరిగా లేదన్నాడు ఇంగ్లీషులో. తర్వాత ఎడిటరమ్మ మొదటి ప్రశ్న చదివింది. చేపలకు ఉప్పు ఎక్కడినుంచి వచ్చింది?

"మూలంలోనే ఉంది కదా," అన్నాడు గంగాప్రసాద్ నవ్వుతూ. "నార్వేలో నేను కళ్ళారా చూశాను."

"నా పుస్తకంలో లేదు," అన్నాడు రచయిత. "ఆ చేపకు ఉప్పు రాస్తే మా నాన్న నన్ను సముద్రంలోకి విసిరేసేవాడు."

కాఫీలో పాల సంగతి వచ్చేసరికి నవ్వు సగమైంది. పాఠకులకు సులువుగా ఉంటుందని, అంటూ నసిగాడు. శవపేటిక ప్రశ్నకు రచయిత ముఖం ఎర్రబడింది.

"అది మా తాత కథ. మూడు వారాలు మా అవ్వ ఆ కొట్టం తలుపు దగ్గర కూర్చుంది. మీరు ఆ మూడు వారాలూ తీసేశారు. ఇది చేసినవాళ్ళకు నా భాషా రాదు, నా మనుషులూ తెలియరు."

ఎడిటరమ్మ కళ్ళజోడు తీసింది. "గంగాప్రసాద్ గారూ, ఇంత ఘోరంగా ఎలా పొరబడ్డారు? ఇది చూశాక మీ మొదటి పుస్తకాన్ని కూడా అనుమానించాల్సి వస్తోంది."

ఆయన శాలువా సర్దుకున్నాడు. ఆయన వేలు లేచింది.

"ఆ తప్పులు నావి కావు మేడమ్. నేనెందుకు చేస్తాను? నా ఆఫీసులో ఒక పిల్ల ఉండేది. ఈ నలభై పేజీలూ ఆమె చేసినవే. నేను నమ్మి అలాగే పంపాను."

"ఆమె చేసిందా?" ఎడిటరమ్మ నెమ్మదిగా అడిగింది. "మొత్తం నలభై పేజీలూ?"

"మొత్తం ఆమే."

"మరి మొదటి పుస్తకం?"

గంగాప్రసాద్ కుర్చీలో వెనక్కి జరిగాడు. ఏం ఒప్పుకున్నాడో అప్పటికి తెలిసివచ్చింది. నుదుటి చెమట తెర మీద కూడా కనిపించింది. తస్లీమా తనివితీరా చూసింది. జాలి వస్తుందేమోనని వెతుక్కుంది కూడా, రాలేదు.

"ఆమె పేరేమిటి?" రచయిత అడిగాడు.

రచయిత మళ్ళీ అడిగాడు.

"తస్లీమా," అన్నాడు గంగాప్రసాద్, నేల చూపులు చూస్తూ. "షేక్ తస్లీమా."

నాలుగో గడిలో వెలుగొచ్చింది. తస్లీమా కెమెరాకేసి సూటిగా చూస్తూ మైకు తెరిచింది. గంగాప్రసాద్ తలెత్తి చూసి పాలిపోయాడు. ఎడిటరమ్మకు విషయం బోధపడటానికి కొంచెం సమయం పట్టింది.

"మీరే పరీక్షకులు. ఈ విషయం మాకు ముందే చెప్పవలసింది," అంది కఠినంగా. "ఇకమీదట ఈ పని మీకు ఇవ్వలేం. ఈ అనువాదాన్నీ వేయలేం. అర్థమైందా?"

"అర్థమైంది."

"ఒక్కటి మాత్రం తేల్చండి. సమావేశం మినిట్స్‌లో రాయాలి. ఉప్పు, పాలు, శవపేటిక, ఇవి నిజంగా మీ తప్పులేనా? వీటిలో ఆయన చేసినవి ఏవైనా ఉన్నాయా?"

తస్లీమా గంగాప్రసాద్ వైపు చూస్తూనే ముసలావిడకు చదివినంత స్పష్టంగా నార్వే భాషలో ఒకసారి, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది.

"తప్పులన్నీ నావే. ఒక్కటి కూడా ఆయనకు ఇవ్వను."