బేరింగ్ కింద చుక్కలు

పెళ్లయి నలభై రోజులు. ఇందు కంటికి ఈ మధ్య అన్నీ ముచ్చటగానే ఉంటున్నాయి. సుబేదారిలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో పొద్దున్నే రెండు టిఫిన్ డబ్బాలు పక్కపక్కన పెట్టి సర్దడం ముచ్చట. తనను లేతు షెడ్డు దగ్గర దింపి వెళుతూ భర్త భానుచందర్ మలుపు తిరిగేదాకా స్కూటర్ అద్దంలో చూడటం ముచ్చట. చివరికి లేతు మీద కడ్డీ తిరుగుతుంటే నీలంగా కమిలి, చుట్టలు చుట్టుకుని రాలే ఇనుప పొట్టు కూడా ముచ్చటే. ఒకరోజు బాగా చుట్టుకున్న దాన్ని ఏరి, పొట్లం కట్టి మొగుడికి తెచ్చిచ్చింది. అతను దాన్ని టీవీ పక్కన పెట్టాడు.

పాలిటెక్నిక్ అయ్యాక ములుగు రోడ్డులోని లక్ష్మీనర్సయ్య షెడ్డులో అప్రెంటిస్‌గా చేరి ఐదు నెలలైంది. అక్కడ ఆడపిల్ల తనొక్కతే. పొద్దున రాగానే గాజులు తీసి డ్రాయర్లో కొలతలు తీసే వెర్నియర్ పక్కన పెట్టేది; పుస్తెలతాడు లోపలికి తోసి ఏప్రాన్ బిగించేది. పక్క మిషను యాకయ్యది. ముప్పై ఏళ్ల అనుభవమున్న పనిమంతుడు. ఆమెకు చెయ్యి పట్టి పని నేర్పింది అతనే.

ఒకరోజు సాయంత్రం కొత్తవాడ నుంచి నేతన్న పండరి తన సాంచకు, అంటే మరమగ్గానికి, ఇరుసు చేయించడానికి వచ్చాడు. లక్ష్మీనర్సయ్య ఆ పని ఇందు చేతిలో పెట్టాడు. ఆమెకు ఒంటరిగా ఇచ్చిన మొదటి పని అదే.

"మందం ఇర్వై ఐదు మిల్లీమీటర్లు. బేరింగ్ సుత్తితో కొడితేనే దిగాలె. అలకగ దిగిందంటే పని కరాబైనట్టే," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

మర్నాడు మధ్యాహ్నానికల్లా చివరి కోత ఒక్కటే మిగిలింది. అప్పుడే జేబులో ఫోను మోగింది. "ఐతారం పాలంపేట పోదాం, రామప్ప గుడి సూద్దాం. నువ్వు పులిహోర చెయ్యి" అని భానుచందర్ మెసేజ్. ఇందు నవ్వుకుంటూ చక్రం తిప్పింది. కడ్డీ మందంలో తీయాల్సింది చక్రం మీది రెండు గీతలంత. రెండూ తిప్పేసింది. కడ్డీ తిరుగుతుంటుంది కాబట్టి పనిముట్టు ఎంత లోపలికి జరిగితే దానికి రెట్టింపు మందం తగ్గుతుంది. ఆమె ఒక్క గీతే తిప్పాల్సింది. మొదటి వారంలో నేర్పే పాఠం అది. కాలేజీలో జూనియర్లకు తనే చెప్పింది కూడా.

బేరింగ్ తొడిగితే వదులు గాజులా జారిపోయింది.

లక్ష్మీనర్సయ్య సామాను కోసం బయటికి వెళ్లాడు. యాకయ్య చాయ్‌కి పోయాడు. కొత్త కడ్డీ గోడవారగానే ఉంది. తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. కానీ పొద్దున్నే ఇంట్లో అత్త భాగ్యమ్మ ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నది: "మా కోడలు ఒక్కతే సాంచకు ఇరుసు చేస్తాంది తెల్సా?" ఇందు చెవుల్లో ఆ మాట ఇంకా మోగుతోంది.

అప్పుడు యాకయ్య ఒకసారి నవ్వుతూ చెప్పిన పాత చిట్కా గుర్తొచ్చింది. "ఇరుసు వదులైతే పంచు పెట్టి సుట్టూ సుక్కలు కొట్టేటోళ్లం బిడ్డా. ఇనుము మొటిమల లెక్క లేస్తది. బేరింగ్ గట్టిగ కూసుంటది. పది దినాలు నడుస్తది. పదకొండో దినం మనం ఊర్ల ఉండొద్దు."

ఇందు మొనదేలిన పంచు తీసింది. చుట్టూ చుక్కలు కొట్టింది. బేరింగ్ సుత్తితో కొడితేనే దిగింది.

సాయంత్రం లక్ష్మీనర్సయ్య ఇరుసును అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెయ్యి కుదిరింది బిడ్డా. సూసినవా యాకయ్యా?"

"మల్ల నేర్పిందెవరు?" అన్నాడు యాకయ్య మురిసిపోతూ.

ఆ రాత్రి భానుచందర్ జిలేబీ తెచ్చాడు. ఇందు తన వాటా అతని పళ్లెంలోకే నెట్టింది. ఆదివారం రామప్పలో అతను నున్నటి స్తంభాన్ని వేలితో తడిమి, "లేతు మీద తిప్పినట్టే ఉన్నది. నువ్వయితే చేస్తవ్," అన్నాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. పులిహోర బాగుందని అతను అన్నప్పుడు కూడా ఏడుపొచ్చింది.

తొమ్మిదో రోజు సాయంత్రం పండరి ఇరుసును గోనెసంచిలో చుట్టుకొచ్చాడు.

"నర్సన్నా, రెండు దినాల సంది సాంచ బంద్. మా ఇంటామె నన్ను కూడ బంద్ పెట్టేటట్టున్నది."

లక్ష్మీనర్సయ్య బేరింగ్ ఊడదీశాడు. కింద అరిగిపోయిన చుక్కలు. అతని చూపు నేరుగా యాకయ్య మీదికి పోయింది.

"ఈ షెడ్డుల గీ పని తెల్సిన చెయ్యి ఒక్కటే. పొల్ల కొలత తప్పితే నువ్వు కప్పిపెట్టినవ్. నా పేరు మీద పోయే పనికి గిట్ల చేస్తవా? రేపటి సంది మిషన్ ముట్టకు."

యాకయ్య చుక్కల వంక చూశాడు. ఎవరు కొట్టారో అతనికి అర్థమైంది. ఇందు వైపు చూడలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని, మేకుకు తగిలించిన అంగీ తీసుకున్నాడు.

గుమ్మంలో హెల్మెట్ పట్టుకుని భానుచందర్ నిలబడి ఉన్నాడు. రోజూ ఆమె కోసం వచ్చే వేళ అది. రేపు సారుకు ఒక్కడికే చెప్పొచ్చు అనుకుంది ఇందు. ఇంతలో యాకయ్య ఒక చెయ్యి అంగీలో దూర్చాడు.

"సార్, గవి నేనే కొట్టిన. యాకయ్య కాకకు తెల్వది," అనేసింది ఇందు.

లక్ష్మీనర్సయ్య చేతిలోని ఇరుసు కింద పెట్టాడు. "కొలత తప్పితే చెప్పరాదా బిడ్డా? నా దగ్గర కడ్డీలు లేవా?"

ఆమెకు గుమ్మం వైపు చూసే ధైర్యం లేకపోయింది.

లక్ష్మీనర్సయ్య కొత్త కడ్డీ తెచ్చి ఆమె మిషను మీద పెట్టాడు. "ఇప్పుడే చెయ్యి. చేసి, కొత్తవాడ పోయి నువ్వే బిగించు. సాంచ నడిచినంకనే ఇంటికి పో." తర్వాత యాకయ్య వైపు తిరిగి, "అంగీ ఇడువు," అని మాత్రం అన్నాడు.

యాకయ్య అంగీ మళ్లీ మేకుకు తగిలించాడు. పాత ఇరుసును వెలుతురులో పట్టుకుని చూశాడు. "సుక్కలు బరాబర్ కొట్టినవ్ బిడ్డా. గందుకే నా చెయ్యి అనుకున్నడు." అతను నవ్వాడు. తిట్టినా బాగుండేది. ఇందు చెవులు కాలిపోయాయి.

చివరి కోతకు ఒక్క గీతే తిప్పింది. కొలిచింది, మళ్లీ కొలిచింది. బేరింగ్ అంచు దగ్గరే ఆగింది. ఈసారి చుక్కలు లేకుండానే సుత్తి కావాల్సి వచ్చింది.

బయట పండరి, భానుచందర్ ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు. పండరి లేచి తన బండి తీసి ముందు కదిలాడు. భానుచందర్ స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఇందు ఇరుసును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వెనక కూర్చుంది. రోజూ అతని నడుం చుట్టూ ఉండే చెయ్యి ఈరోజు ఇనుము మీదే ఉంది. గాజులు డ్రాయర్లోనే మరిచిపోయిందని అప్పుడు తెలిసింది.

"గట్టిగ కూసుందా?" అన్నాడు అతను కొంత దూరం పోయాక.

"కూసుంది."

అద్దంలో అతను తననే చూస్తున్నాడని తెలుసు. కొత్తవాడ వచ్చేదాకా ఇందు తల ఎత్తలేదు.