ఊద నేర్చిన వేషం

రాహేలమ్మకు చూపు పోయిందన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు పైనున్న దేవుడు, రెండో మనిషి రాహేలమ్మ. ఆయన ఎవరితోనూ అనడు, ఈమె చచ్చినా అనదు. కాబట్టి మూడేళ్ళుగా గుట్టు గుట్టుగానే ఉందని ఆమె నమ్మకం.

కటిక చీకటేమీ కాదు. మంచు పట్టినట్టు అంతా తెల్లగా ఉంటుంది, అందులో మనుషులు మసక మసకగా కదులుతారు. కదిలేదల్లా మనిషేనని ఎంచుకుంటే సగం చిక్కులు తీరిపోతాయి. ఆ లెక్కనే ఒకసారి దారి పక్కన కట్టేసిన ఎద్దును "ఏమప్పా బాలస్వామీ, బాగుండావా?" అని పలకరించి, అది బదులు చెప్పలేదని "దుడ్లొస్తే మనిషికి మాటలు పడిపోతాయి" అని నాలుగు తిట్టి వచ్చింది. ఎవరూ చూడలేదు కదా, ఏం పోయింది!

ఎందుకింత దాపరికమంటే, మహానంది ఊటనీళ్ళు పారే మడుల్లో నలభై ఏళ్ళుగా కలుపు గుంపుకు ఆమే పెద్ద. పన్నెండు మంది ఆడవాళ్ళు వరిలో వంగి ముందుకు సాగుతుంటే కుడి గెనిమ గట్టు పక్క వరుస ఆమెది. ఆమె అడుగు వేస్తేనే తక్కినవాళ్ళు అడుగు వేయాలి. ఆమె నడుమెత్తితేనే వాళ్ళకూ నడుమెత్తే యోగం. చూపు లేదని తెలిసిందా, గెనిమ మీద కూర్చోబెట్టి చంటిపిల్లల ఉయ్యాలలు ఊపమంటారు. అలా కూర్చున్న ముసలమ్మలను ఆమె ఎందరినో చూసింది. పిల్లలు ఏడిస్తే తిట్టడానికి తప్ప వాళ్ళతో ఎవరూ నోరు విప్పరు. ఆ గెనిమ తలపుకు వస్తే రాహేలమ్మకు తిన్న సంగటి అరిగేది కాదు.

ఇంట్లో ఇంకో పీడ ఉంది. కోడలు కృపమణి. పిల్ల మంచిదే, పనిమంతురాలే, గొంతే పగిలిన కడవ. పనికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ గెనిమల మీద అత్తకు నాలుగడుగులు ముందు నడుస్తూ గుళ్ళో పాటలన్నీ ఎత్తుకునేది. ఒక్కటీ శ్రుతిలో ఉండదు.

"ఆ పాటకు ప్రభువు గూడా చెవులు మూసుకుంటాడే. నోరు ముయ్యి."

"ఊకుండలేను అత్తా, నా కర్మ అట్లుండాది" అని కృపమణి ఇంకొంచెం గొంతు పెంచేది.

రెండో జర్మనీ యుద్ధం మొదలైన ఏడు ఆ గెనిమ ముప్పు రానే వచ్చింది. తెచ్చింది ఊద.

కలుపుల్లోకెల్లా దొంగ ఊద. తక్కిన కలుపు కలుపులాగే మొలిచి తన్నులు తింటుంది. ఊద మాత్రం వరి పక్కన వరిలాగే నిలబడుతుంది. అదే ఎత్తు, అదే ఆకు. కంకి వేసిన నాడు గానీ బయటపడదు, బయటపడిన నాటికి వరి తినవలసిన సత్తువంతా అది తిని కూర్చుంటుంది. దాన్ని పట్టడానికి ఒకటే గుర్తు, కాడ మొదట్లో ఎరుపు. "ఎర్రకాడ కనబడితే ఎగేసి పీకు" అని రాహేలమ్మకు వాళ్ళమ్మ నేర్పింది. రాహేలమ్మ గుంపుకంతా నేర్పింది. ఆమె గుంపు దిగిన మడిలో ఊద కంకి కనబడదని చుట్టుపక్కల పేరు.

ఆ ఏడు తిమ్మారెడ్డి పెద్దమడిలో వరి ఇంకా పొట్ట విప్పకముందే, దాని నెత్తిమీద ఊద కంకులు బారులు తీరి ఊగాయి.

తెల్లవారి చిన్నమడిలో కలుపుకు గుంపంతా దిగబోతుంటే, కిర్రు కిర్రుమని చెప్పుల చప్పుడు వచ్చింది.

"ఏం రెడ్డీ, నంద్యాల చెప్పులు కొత్తగుండాయే" అంది రాహేలమ్మ, ఆమడ దూరం నుంచే.

"నా చెప్పులు బాగానే కనపడతాండాయి నీకు" అన్నాడు తిమ్మారెడ్డి. మడుల ఆసామి. కోపమొస్తే చేతి కర్రతో నేలను పొడిచే అలవాటు, ఇప్పుడు పొడుస్తున్నాడు. "పెద్దమడిలో ఊద కనపడల్యా? నాది వరి మడా, ఊద మడా? నువ్వు ముసిలిదానివైతివి రాహేలూ. కండ్లు మందగించింటాయి. ఈ పొద్దు నుంచి నీ కోడలు ముందు నడుస్తాది. నువ్వు గెనిమ మీద కూసో."

రాహేలమ్మ ఇంకో రోజైతే తిరిగి పది అనేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి కళ్ళ మీదికి పోయింది. తప్పు తనదే అనుకుంది. చూపు పోయాక ఆమె చేతులతోనే కలుపు తీస్తోంది మరి. ఎన్ని తప్పిపోయాయో, ఎవరు చూశారు? చీర కొంగు దులుపుకుని, ఎక్కడుందో సరిగ్గా తెలియని గెనిమ కోసం కాలితో వెతుక్కుంది.

అప్పుడు కృపమణి కదలకుండా నిలబడి అంది: "రెడ్డీ, అనే ముందు ఒకసారి పెద్దమడి చూసొచ్చినావా? కంకులు యాడుండాయి? నా వరుసలో ఉండాయి, రామేశ్వరమ్మ వరుసలో ఉండాయి, అందరి వరుసల్లో ఉండాయి. కుడి గెనిమ పక్క మా అత్త వరుసలో ఒక్కటుంటే చూపించు."

తిమ్మారెడ్డి తల తిప్పి పెద్దమడి వైపు చూశాడు. కర్రతో నేల పొడవడం ఆపాడు. కుడి గెనిమ పొడుగునా వరి ఒక్కటే పచ్చగా, నున్నగా, దువ్వినట్టు ఉంది.

కర్ర చప్పుడు ఆగగానే తన వరుసలో ఊద లేదని రాహేలమ్మకు అర్థమైంది. పోయిన ప్రాణం లేచి వచ్చింది, దానితో పాటు నోరూ వచ్చింది.

"రెడ్డీ, ఆ కంకేసిన ఊదనొకదాన్ని యేర్లతో పీకుకోని రా."

ఎందుకని అడగకుండా పోయి పీక్కొచ్చాడు.

"దాని మొదలు కడిగి చూడు. ఏ రంగుండాది?"

"ఎర్రగా..." అని ఆగాడు తిమ్మారెడ్డి. నీళ్ళలో ముంచి మళ్ళీ చూశాడు. "పచ్చగుండాదే!"

రాహేలమ్మ పకపకా నవ్వింది. "నలభై ఏండ్లు ఎర్రకాడవన్నీ పీకి గట్టున పడేస్తిమి. నా కంటే ముందు మాయమ్మ, దానికంటే ముందు వాళ్ళమ్మ. యాడో ఒకటి పచ్చకాడతో పుట్టింటాది. దాన్ని వరి అనుకోని వదిలేస్తిమి. గింజ రాల్చింది అదే గదా! దాని పిల్లలు దాని మాదిరే పుడతాయి గానీ నీ మాదిరి పుడతాయా? ఎర్రవి సచ్చె, పచ్చవి పెరిగె. ఊదకు ఈ వేషం కట్టింది ఎవురో కాదు రెడ్డీ, మేమే. ఎర్రకాడ కోసం చూసే కండ్లకు అదింక చిక్కదు."

"మరి నీకెట్ల చిక్కె?"

ఇదీ అసలు మెలిక. నిజం చెబితే పేరు దక్కుతుంది, గుట్టు పోతుంది. చెప్పకపోతే గుట్టు దక్కుతుంది, మడులన్నీ ఊద పాలవుతాయి. రాహేలమ్మ ఒక్క గుక్క గాలి పీల్చుకుంది.

"నేను చూసి పీకను రెడ్డీ, తడిమి పీకతా. ఆకు కాడను పట్టుకునే మెడ దగ్గర వరికి సన్న చెవులుంటాయి, వాటికి నూగుంటాది. ఊదకు చెవుల్లేవు, మెడ నున్నగా జారతాది. నాకు కండ్లు కనపడి మూడేండ్లాయె. అందుకే చేతులకు నేర్పుకుంటి."

చెప్పేసింది. ఉయ్యాల ఊపమనే మాట కోసం ఎదురు చూసింది.

తిమ్మారెడ్డి ఫెళ్ళున నవ్వాడు. గుంపులోంచీ నవ్వు లేచింది.

"ఎవురికి చెప్తాండావు ముసలీ? ఆమడ దూరాన నా చెప్పులు కొత్తవని కనిపెడితివి. కండ్లు లేవంట! ఎగతాళికి నేనే దొరికితినా?"

"ఒట్టు రెడ్డీ!"

"ఊరుకో. కావాలంటే కండ్లు మూసుకోని పీకి చూపించు, చూస్తా."

మూసుకోవడానికేముంది, మూసుకుంది. చిన్నమడిలోకి దిగి, వరి దుబ్బులను చేత్తో నిమురుకుంటూ పోయి, పచ్చకాడ ఊదలు పదకొండు పీకి గట్టుకు విసిరింది. తిమ్మారెడ్డి ఒక్కొక్కటే తీసి మెడ తడిమాడు. దేనికీ చెవుల్లేవు.

"దీని పొగరు చూడండి! కండ్లు పెట్టుకోని మూసుకోని పీకతాది" అని మురిసిపోయాడు. మూడేళ్ళు ఆమె ఎంత బాగా వేషం వేసిందంటే, ఇప్పుడు తనే తీసేసినా ఊడిరావడం లేదు. "ముందు నువ్వే నడువు తల్లీ. వీండ్లకూ ఆ విద్య నేర్పు."

ఆ పొద్దంతా దారిన పోయే మహానంది యాత్రికులు నిలబడి వింత చూశారు. పన్నెండు మంది ఆడవాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుని, వరి మొక్కలను చెవులు పట్టుకుని పరామర్శిస్తున్నారు. రామేశ్వరమ్మ రెండుసార్లు పక్కామె ముక్కు పట్టుకుంది.

"అత్తా, ఇంకో నలభై ఏండ్లకు ఊద మెడకు గూడా చెవులు మొలిస్తే?" అని అడిగింది కృపమణి.

"మొలవనీ. నీ మనవరాండ్లు వాసన చూసి పీకతారు. దానికొక్కదానికేనా తెలివి?"

పొద్దు వాలింది. గుంపు చెదిరింది. ఇంటిదారి పట్టాక రాహేలమ్మ ఉన్నట్టుండి ఆగింది. పొద్దున అందరూ నవ్విన నవ్వును ఆమె మళ్ళీ ఒకసారి చెవిలో విని చూసుకుంది. అందులో పగిలిన కడవ లేదు.

"కృపమణీ, నేను కండ్లు లేవంటే నువ్వెందుకు నవ్వల్యా?"

కోడలు వెనక్కి తిరిగి దగ్గరికి వచ్చింది.

"నువ్వు ఎద్దును బాలస్వామి అనుకోని తిట్టిన పొద్దు నేను నీ యనకే వస్తాంటి అత్తా."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందట. రాహేలమ్మ అక్కడే గెనిమ మీద నిలబడి మూడేళ్ళను వెనక్కి తిప్పుకుంది. పాట ఆగినచోటల్లా గెనిమ తెగి ఉండేది. పాట మెల్లగా సాగినచోటల్లా కాలవ దాటాల్సి వచ్చేది. కోడలు లేని ఒక్క రోజే ఆమె నీళ్ళలో పడింది, ఆ రోజు చెప్పు తెగిందని అందరికీ చెప్పుకుంది.

"అందుకా తల్లీ, ఆ పాట?"

"నాకు మాత్రం పాటొస్తాదా అత్తా? పాడకుంటే నువ్వు యాడికి పోతాండావో నీకెట్ల తెలుస్తాది?"

రాహేలమ్మ కళ్ళు చూడటం మానేసినా తడవడం మానలేదు. కొంగుతో తుడుచుకుని, ముక్కు చీది, గొంతు సవరించుకుంది. మెత్తబడిందని తెలిస్తే కోడలు నెత్తినెక్కుతుందని భయం.

"సరే, ముందు నడువు. గట్టిగా పాడు, నాకు యినపడల్యా."

కృపమణి నాలుగడుగులు ముందుకు వేసి, శ్రుతి తప్పి ఎత్తుకుంది.